మూడు నిమిషాల ప్రార్థన

పట్నం కోర్టువాళ్లు యూనిస్‌ని పెద్దావిడగా పెట్టుకుని అప్పటికి ఆరేళ్లు. పెద్దావిడ అంటే వయసు కాదు, ఉద్యోగం. మెళ్లో వేసుకునే కార్డు మీద కూడా అదే రాసి, కింద ఫోటో అంటించారు. పిల్లల కేసులు, మొగుడూపెళ్లాల కేసులు చూసే కోర్టు అది. ఈ నేల మీద ముందునుంచీ ఉన్న మా గిట్‌క్సన్ తెగవాళ్లకీ సర్కారుకీ మధ్య పాత గాయాలు మానాలని అందులో ఒక సయోధ్య ఆఫీసు తెరిచారు. ఆ ఆఫీసు ముందుగా గోడలకి దేవదారు చెక్క కొట్టించింది. తర్వాత కుర్చీలు గుండ్రంగా వేయించింది. ఆ తర్వాత యూనిస్‌ని తెచ్చుకుంది.

ఆవిడ పనల్లా ఒకటే. కేసు మొదలయ్యే ముందు లేచి నిలబడి మా భాషలో మూడు నిమిషాలు ప్రార్థన చెయ్యాలి. జడ్జీ, లాయర్లూ, అందరూ కళ్లు మూసుకుని తలొంచుకునేవాళ్లు. ఒక్కరికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒకరోజు యూనిస్‌కి ఒళ్లు మండి, దేవుడి ఊసెత్తకుండా, బస్సులో తన పక్కన కూర్చున్నవాడి కాళ్ల కంపు గురించి మూడు నిమిషాలూ చెప్పి కూర్చుంది. ఒక లాయరమ్మ కళ్లు తుడుచుకుని, "ఇవాళ్టిది నా గుండెకి తగిలింది పెద్దమ్మా" అంది.

"నా ముక్కుకి తగిలిందమ్మా" అంది యూనిస్.

ఆ భాష సంగతీ చెప్పుకోవాలి. యూనిస్‌కి ఆరేళ్లప్పుడు స్కీనా నది ఒడ్డున చేపలు ఎండేసే చోట ఆడుకుంటుంటే, రైలెక్కించి చర్చివాళ్ల హాస్టలు బడికి పట్టుకుపోయారు. అక్కడ రొట్టె కావాలని మా భాషలో అడిగితే నోట్లో సబ్బు ముక్క కుక్కేవాళ్లు. అలా తొమ్మిదేళ్లు సబ్బు తిని బయటపడింది. అక్కణ్ణుంచి నది మొగలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు కత్తి పట్టుకుని నిలబడింది. దుంగల లారీ తోలే వాల్టర్‌ని చేసుకుంది, ఇద్దరు మగపిల్లల్ని కంది, వాల్టర్‌ని సాగనంపింది. అప్పుడు సర్కారుకి మా భాష మీద ప్రేమ పుట్టింది. కారు పంపించి మరీ పిలిపించుకున్నారు. "ఆ ప్రేమేదో అప్పుడే పుట్టి ఉంటే వాళ్లకి బోలెడు సబ్బు మిగిలేది" అనేది యూనిస్.

మాలో ఇల్లు తల్లి వైపు నుంచి నడుస్తుంది. కొడుకుల పిల్లలు కోడలి ఇంటికి పోతారు. యూనిస్ వాళ్లు అయిదుగురు అక్కచెల్లెళ్లు: మర్టిల్, హిల్డా, బ్యూలా, యూనిస్, ఫెర్న్. అందరికీ మగపిల్లలే, పెద్దది మర్టిల్‌కి తప్ప. మర్టిల్ పోయి నాలుగేళ్లు. మర్టిల్ కూతురు డార్లా, డార్లా కూతురు రేలిన్. ఆ ఇంటి పేరు ముందుకు పోవాలంటే ఆరేళ్ల రేలిన్ ఒక్కతే దిక్కు. పై పళ్లు రెండూ ఊడిపోయి, నవ్వితే చూడలేం. అయినా అదే దిక్కు.

డార్లాకి తాగుడుంది. ఎవరూ తొయ్యకుండా తనంతట తనే బుద్ధి తెచ్చుకుని, తాగుడు మాన్పించే చోట నాలుగు నెలలు ఉండొస్తానని వెళ్లింది. పిల్లని అమ్మమ్మల దగ్గర వదిలింది. అమ్మమ్మలంటే మరి నలుగురూ. సోమవారం హిల్డా బడి దగ్గరికెళ్లి తీసుకొచ్చేది, మంగళవారం ఫెర్న్, బుధవారం యూనిస్, గురువారం బ్యూలా.

బడికి దక్షిణాది నుంచి కొత్త టీచరు వచ్చింది. సోమవారం, "మీరు పాపకి ఏమవుతారండీ?" అంది. "అమ్మమ్మని" అంది హిల్డా. మంగళవారం ఫెర్న్‌ని అడిగింది. "అమ్మమ్మని." బుధవారానికి టీచరు మొహం మారింది. గురువారం బ్యూలా వెళ్లేసరికి గుమ్మంలోనే ఆపేసింది. "చూడమ్మా," అంది బ్యూలా, "నేను అమ్మమ్మని. అనుమానముంటే మిగతా ముగ్గురు అమ్మమ్మల్నీ అడుగు."

శుక్రవారం సర్కారు కారొచ్చింది. పిల్ల బాధ్యత ఫలానావాళ్లదని లేదు, రోజుకో ముసలావిడ వచ్చి అమ్మమ్మనంటోంది, అసలు అమ్మమ్మ పోయినట్టు రికార్డుంది అని కాగితం రాసుకుని, పిల్లని పట్నంలో ఎవరింట్లోనో పెట్టారు. పన్నెండు గంటల దూరంలో, దక్షిణాన, బంధువులు లేని పిల్లల్ని పెంచుకునే మంచి కుటుంబం ఒకటి ఉందట. అక్కడికి పంపాలా వద్దా అన్నది జూలైలో కోర్టు తేల్చాలి.

ఆ కాగితం రాసింది సర్కారు పిల్లల శాఖలో పనిచేసే మెరెడిత్. యూనిస్‌కి బాగా తెలిసిన పిల్లే. సయోధ్య సభలో యూనిస్ భుజాల మీద దుప్పటి కప్పి ఏడ్చింది కూడా. యూనిస్ సోమవారం పొద్దున్నే వెళ్లి ఆ పిల్ల బల్ల ముందు కూర్చుంది.

"బంధువులు లేరని రాశావంట?"

"అమ్మమ్మ చనిపోయారు కదండీ."

"అమ్మమ్మ చెల్లెలు అమ్మమ్మ కాక అత్తగారవుతుందా?"

"మా ఫారంలో అమ్మమ్మకి ఒకటే గడి ఉందండీ. అమ్మమ్మ చెల్లెళ్లంటే దూరపు బంధువులు. పైగా..." అని మెరెడిత్ గొంతు తగ్గించింది. "మీరు కోర్టు మనిషి. ఈ కేసు గురించి కోర్టులో మాట్లాడితే పక్షపాతమవుతుంది. మీ కాంట్రాక్టులో ఉంది. దయచేసి ఇక్కడో సంతకం పెట్టండి."

యూనిస్ సంతకం పెట్టింది. పెట్టకపోతే కేసు రోజు కోర్టు గదిలోకే రానివ్వరని అప్పటికే తెలుసుకుంది.

"మా వాళ్ల గొంతు మీకు వినపడాలనే కదే నన్ను పెట్టుకున్నారు?"

"అవునండీ," అంది మెరెడిత్, నిజంగానే బాధపడుతూ. "అందుకే ప్రార్థన మాత్రం ఎప్పట్లాగే మీదే."

జూలై అంటే ఎర్రచేప నదికి ఎదురెక్కే కాలం. పొగ కొట్టంలో మూడొందల చేపలు వేలాడుతున్నాయి. మంట చూసుకోమని కొడుకుల్లో ఒకడికి అప్పజెప్పి, వాడు నిద్రపోతాడని అందరూ ఒప్పుకుని, హిల్డా, బ్యూలా, ఫెర్న్ పాత ట్రక్కులో ఇరుక్కుని పట్నం వచ్చారు. పొగ వాసన వాళ్లకంటే ముందే కోర్టులోకి వెళ్లింది. వెనక బెంచీలో కూర్చున్నారు. వాళ్ల పేర్లు ఏ కాగితంలోనూ లేవు గనక వాళ్లని ఎవరూ పిలవరు. రేలిన్ పక్కగదిలో బొమ్మలతో ఉంది.

జడ్జిగారు వచ్చారు. అందరూ లేచారు. "మన పెద్దావిడ ప్రార్థనతో మొదలుపెడదాం" అన్నారు ఎప్పట్లాగే. యూనిస్ ముందుకొచ్చింది. కార్డు సర్దుకుంది. అందరూ కళ్లు మూసుకున్నారు.

"పైనున్న తండ్రీ," అంది యూనిస్ ఇంగ్లీషులో. రెండు మూడు కళ్లు తెరుచుకున్నాయి. "నీకు అన్ని భాషలూ వచ్చు, ఇబ్బంది లేదు. ఈ కేసు గురించి ఈ గదిలో ఎవరితోనూ మాట్లాడనని సంతకం పెట్టాను. నేను మాట తప్పే మనిషిని కాదు. అందుకే వీళ్లతో అనట్లేదు, నీతో అంటున్నా. పక్కవాళ్ల చెవుల్లో పడితే నా పూచీ లేదు."

మెరెడిత్ జడ్జి వంక చూసింది. జడ్జి కదల్లేదు. కదలడానికి లేదు పాపం. ప్రార్థన చేసేవాళ్లని మధ్యలో ఆపడం మహా అవమానమని, పూర్తయ్యేదాకా కూర్చోకూడదని రెండేళ్ల కిందట శిక్షణ ఇచ్చారు వాళ్లకి. ఇచ్చింది యూనిస్సే. వాళ్లు దాన్ని పుస్తకంలో అచ్చేసుకున్నారు.

"తండ్రీ, సోమవారం ఇచ్చినందుకు నీకు దణ్ణం. సోమవారం హిల్డా పిల్లని తెస్తుంది. ఆదివారమంతా చర్చిలో కూర్చుని మోకాళ్లకి విశ్రాంతి ఇస్తుంది గనక సోమవారం నడవగలదు. మంగళవారానికి దణ్ణం. ఫెర్న్ ఇంట్లో వేడినీళ్లు వస్తాయి, పిల్లకి తలకి పోస్తుంది. బుధవారం నాది. పిల్ల నా దగ్గర చేప కొయ్యడం నేర్చుకుంటోంది. వెన్నుముల్లు దగ్గర కత్తి ఆగిపోతోంది. వస్తుంది, కొంచెం టైమివ్వు. గురువారం బ్యూలా. బ్యూలా ఓట్స్ గంజి మాడుస్తుంది, అయినా పిల్ల నోరు మూసుకుని తింటుంది..."

"అబద్ధం!" అని వెనక బెంచీ నుంచి కేక. "పొయ్యి మీద పెట్టి కునుకు తీసేది ఫెర్న్! నేను ఒక్కసారి కూడా మాడ్చలేదు!"

"ఒసే, ప్రార్థనే అది!" అని ఫెర్న్ మోచేత్తో పొడిచింది.

"ప్రార్థనైతే అబద్ధం చెప్పొచ్చా? అదీ దేవుడితో?"

"శుక్రవారం బింగో ఆట," అని యూనిస్ గొంతు పెంచింది, "దాని సంగతి నీకూ నాకూ మధ్యే ఉండనీ తండ్రీ. శనాదివారాలు పిల్ల ఎవరింట్లో నిద్రొస్తే అక్కడే పడుకుంటుంది. ఎవరింట్లో లేచినా దాని పళ్ల బ్రష్షు అక్కడుంటుంది. నాలుగు బ్రష్షులు కొన్నాం."

జడ్జిగారి కాళ్లు పీకుతున్నట్టున్నాయి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నారు. యూనిస్ ఇంకా ఆపలేదు. డార్లా కోసం కూడా దణ్ణం పెట్టింది. ఇంకా ఆరు వారాలుందని, ఒక్క చుక్క ముట్టలేదని, ఫోనులో గొంతు మారిందని చెప్పింది.

"తండ్రీ, నన్ను పట్టుకెళ్లినప్పుడు నాకు ఆరేళ్లు. ఈ పిల్లకీ ఆరే. నన్ను తీసుకెళ్లినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నీ మేలు కోసమే అని చెప్పారు, వాళ్లూ అది నమ్మారు. ఈ గదిలోనూ అందరూ మంచివాళ్లే. నాకు భయం అందుకే. ఆమెన్."

గడియారం చూస్తే ఇరవై రెండు నిమిషాలు. అందరూ కుర్చీల్లో కూలబడ్డారు. సర్కారు లాయరు లేచి, "అయ్యా, ప్రార్థనని సాక్ష్యంగా తీసుకోకూడదు" అన్నాడు.

"ప్రార్థనని నేనెందుకు తీసుకుంటాను?" అన్నారు జడ్జి. "అది దేవుడికి పెట్టుకున్నది. కానీ నా కోర్టులో 'అబద్ధం' అని అరిచినావిడ ఎవరో నాకు తెలియాలి. ఆవిణ్ణి ఇలా పిలవండి."

అలా బ్యూలా సాక్షి బోనెక్కింది. ప్రమాణం చేయించారు. గంజి మాడ్చలేదని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి ఒక్కసారి మాడిందని ఒప్పుకుంది. ఆ గంజి వెంట వారం మొత్తం బయటికొచ్చింది. ఎవరు తేవడం, ఎవరు తినిపించడం, పిల్లకి జ్వరమొస్తే ఎవరు నర్సు దగ్గరికి పరుగెత్తడం, అంతా.

"ఇంతకీ పాప అమ్మమ్మ ఎవరమ్మా?" అన్నారు జడ్జి.

వెనక ఇద్దరు లేచారు. బోనులో బ్యూలా ఎలాగూ నిలబడే ఉంది. యూనిస్ మాట్లాడకూడదు గనక నోరు మెదపలేదు, నిలబడింది.

జడ్జి తల పట్టుకున్నారు. "సరే. నాకు అర్థమైంది. కానీ పిల్లని అప్పగించే కాగితం మీద ఒక్క పేరే పడుతుంది. బయటికెళ్లి తేల్చుకు రండి. పేరు చెప్తే పిల్ల మీతో వస్తుంది."

నలుగురూ వసారాలో కూర్చుని ఫ్లాస్కులో టీ తీసి, ఎండుచేప విరుచుకున్నారు. ఉన్నవాళ్లలో హిల్డా పెద్దది, తన పేరే పడాలంది. మెరెడిత్ దగ్గరికొచ్చి, ఎవరి పేరైనా సరే, పోలీసు తనిఖీ కావాలని, దానికి నాలుగు నెలలు పడుతుందని, ఆ లోపు పిల్ల దక్షిణానికే వెళ్లాల్సి ఉంటుందని చెప్పింది. "యూనిస్‌గారి తనిఖీ మాత్రం అయిపోయిందండీ, ఏటా అవుతుంది. ఉద్యోగం కోసం" అంది మెల్లగా.

"మరి ఉద్యోగంలో ఉంటే పక్షపాతమన్నావు?" అంది ఫెర్న్.

"అవును."

యూనిస్ ఎండుచేప నములుతూనే కార్డు మెళ్లోంచి తీసి మెరెడిత్ చేతిలో పెట్టింది. "ఆ ఫోటోలో నేను బాగా లేను కూడా" అంది.

సయోధ్య ఆఫీసువాళ్లు పెద్ద మనసున్నవాళ్లు. కేకు కోసి, రెండో దుప్పటి కప్పి పంపించారు. తర్వాత పెట్టుకున్న పెద్దావిడ కాంట్రాక్టులో మాత్రం ప్రార్థన తప్పనిసరిగా మా భాషలోనే చెయ్యాలని కొత్త షరతు చేర్చారు. సంస్కృతిని కాపాడ్డానికంట.

పిల్లని యూనిస్ పేరు మీద, ఆరునెలల గడువుతో ఇచ్చారు. వారానికోసారి మెరెడిత్ వచ్చి చూసుకుంటుంది, ఏ మాత్రం తేడా ఉన్నా వెనక్కి తీసుకుంటుంది. మొదటిసారి వచ్చినరోజు సోమవారం. యూనిస్ ఇంట్లో పిల్ల లేదు. "హిల్డా ఇంట్లో ఉంది, రా" అని యూనిస్ చెప్పులేసుకుంది. హిల్డా ఇంట్లో రేలిన్ చేతులకి చేప నూనె అంటించుకుని టీవీ చూస్తోంది.

మెరెడిత్ ఫారం తీసి ఒళ్లో పెట్టుకుంది. "రేలిన్, నువ్వెక్కడ పడుకుంటావమ్మా?"

రేలిన్ వేళ్లు నాకుతూ ఆలోచించింది. "ఇవాళా?"

మెరెడిత్ పెన్ను కాగితం మీద ఆనించి, పడుకునే చోటుకి ఉన్న ఒకే ఒక్క గడి వంక చూసింది. తర్వాత 'సోమవారం, హిల్డా' అని రాసింది. కింద 'మంగళవారం, ఫెర్న్' అని రాసేసరికి గడి నిండిపోయింది. కాగితం వెనక్కి తిప్పి, "బుధవారం చెప్పండి" అంది.