అత్తమ్మ పట్టుచీర తొట్టెల

ఊయలలో వేసే తొట్టెల పండుగ చేసిన మూడో రోజు పొద్దున మనవడి గుడ్డ మార్చబోతే మూత్రం నల్ల చాయ్ రంగులో కనిపించింది. కళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. "అమ్మా, వీడు గిట్ల వాడిపోయిండేందే?" అంటూ నా కూతురు లావణ్య ఏడుపు మొదలుపెట్టింది. మేముండే జహనుమా నుంచి ఆటోలో పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాం.

కామెర్లు తెచ్చే బిలిరుబిన్ పెరిగింది, హీమోగ్లోబిన్ పడిపోయింది. నీలం లైటు కింద పడుకోబెట్టి, రక్తం ఎక్కించారు. తర్వాత చేసిన జీ6పీడీ అనే ఎంజైమ్ టెస్టు నార్మల్ అని వచ్చింది. వారానికి పిల్లవాడు తేరుకున్నాడు. హమ్మయ్య అనుకుని ఇంటికి తెచ్చి, నా చేతులతోనే మళ్లీ అదే తొట్టెలలో వేశాను. రెండు రోజులకే మళ్లీ నల్ల మూత్రం.

ఈసారి డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి అడిగింది: "బాబును దేంట్ల పండవెడుతున్నరమ్మా?"

"మా అత్తమ్మ పట్టుచీర తొట్టెల మేడమ్. లావణ్య గూడ దాంట్లనే పండింది" అన్నాను గొప్పగా.

"ఆ చీర ఏడ దాస్తరు?"

"ఇనుప పెట్టెల. పురుగు పట్టకుంట కలరా ఉండలేసి..."

ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఒంట్ల ఒక్కో పనికి ఒక దారి ఉంటదమ్మా. ఆ దారి మొదట్ల ఉన్న ఎంజైమే పని ఎంత జరగాల్నో చూస్తది. కలరా ఉండల ఘాటు తగిలితే, జీ6పీడీ అనే ఎంజైమ్ పని పెంచి ఎర్ర కణాలను కాపాడాలె. మీ మనవడికి అది తక్కువున్నట్టుంది. కణాలు పగులుతున్నయ్."

"మరి టెస్టు మంచిగనే వచ్చె గదా?"

"ఎక్కించిన రక్తంల, కొత్త కణాలల్ల ఎంజైమ్ ఉంటది. అందుకే తప్పు చూపెట్టింది. మూడు నెలలకు మళ్ల చేద్దాం."

నేను కట్టుకున్న చీర కూడా ఆ పెట్టెలోదే. అది మార్చుకునేదాకా పిల్లవాడి దగ్గరికి వెళ్లలేదు. వాడికి ఏమన్నా అయితే ఆ పాపం నాదేనని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మూడు నెలల తర్వాతి టెస్టులో ఎంజైమ్ తక్కువేనని తేలింది. తల్లికి ఏ ఇబ్బందీ లేకున్నా ఆమె నుంచి కొడుక్కి వస్తుందట. వాడికి పడని మందుల జాబితా ఇచ్చారు. కలరా ఉండలన్నీ తీసేశాం. ఎన్నిసార్లు ఎండలో వేసినా ఆ చీర వాసన పూర్తిగా పోలేదు, అందుకే ఇంట్లోంచే తీసేశాను. అత్తమ్మ బతికుంటే మస్తు లొల్లి చేసేది.

ఇప్పుడు వాడికి రెండేళ్లు. ఇల్లంతా తానే. చంటిపిల్లలు పచ్చబడితే ఏం తిన్నారో, ఏ మందు వేశారో డాక్టరుకు చెబుతాం కదా, పక్కగుడ్డ ఏ పెట్టెలోంచి తీశారో కూడా చెప్పండి. నన్ను రెండోసారి వచ్చేదాకా ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.