మా బావ గుండె మీద మచ్చ

మా హాలు గోడకు మళ్ళీ రంగు వేయించాను. చెమ్మ మచ్చ మాత్రం నాకంటే పట్టుదలగా అదే చోట తేలుతోంది. దాని అంచు ఎక్కడో సుద్దతో గీసి చూపించమని నిన్న రంగులతను అంటే, సుద్దముక్క పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను. కొలువు మానినా ఆ పని నన్ను వదల్లేదన్నమాట.

గుండెపోటు వచ్చి తగ్గాక కండలో కొంత భాగం చచ్చి మచ్చకడుతుందని నా ఈడువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. స్కానింగు బొమ్మలో మంచి కండ నల్లగా, మచ్చ తెల్లగా కనిపిస్తుంది. విజయనగరంలో ఒక స్కానింగు సెంటర్లో ఆ తెలుపు చుట్టూ మౌసుతో గీత గీయడం నా ఉద్యోగం. గీత లోపల ఎంతుందో కంప్యూటర్ లెక్కగట్టేది, గీత ఎక్కడన్నది మాత్రం నా కళ్ళ దయ. తెలుపు నలుపులో కలిసేచోట కాస్త బూడిద రంగుంటుంది. నేను జీతం తీసుకున్నదంతా దానికే.

ఒకనాడు, గుండెపోటు నుంచి తేరుకున్న మా అక్క మొగుడి బొమ్మ నా ముందుకొచ్చింది. మచ్చ చిన్నదైతే మళ్ళీ చేపల వేటకు వెళ్ళొచ్చనీ, పెద్దదైతే సముద్రం మాట మరిచిపోవాలనీ డాక్టరుగారు ముందే చెప్పేశారు. ఆ సాయంత్రం చీపురుపల్లిలో మా ఇంటికి అక్క కోనాం చేపతో వచ్చి, “కొంచెం పెద్దదే గీసీరా తమ్ముడూ, ఇంటికాడ పడుంటాడు” అంది. మర్నాడు బావ అంతకంటే పెద్ద చేపతో వచ్చాడు, చిన్నది గీయమని. నా జీవితంలో అంత గిరాకీ మళ్ళీ రాలేదు.

ఎవరి చేపా గుర్తురాకుండా, కళ్ళు చిట్లించుకుని గీశాను. గీసిన ప్రతిసారీ ఒక్కో కొలత వచ్చింది. డాక్టరుగారు విసుక్కుని, అప్పుడే వచ్చిన కొత్త ప్రోగ్రాముకు బొమ్మ అప్పగించారు. నేను టీ ఊదుకునేలోగా అంచు అదే వెతుక్కుని, అదే కొలిచేసింది. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. మచ్చ పెద్దదే. బావ మళ్ళీ పడవెక్కలేదు, నేనూ గీతల పని నుంచి వచ్చేవాళ్ళ పేర్లు పిలిచే పనికి జారాను.

ఇప్పుడు అందరి గుండెలూ అదే కొలుస్తోంది, నాకంటే బాగానే. కాకపోతే దానింటికి చేప పట్టుకెళ్ళి బతిమాలేవాళ్ళు లేరు.

రంగులతను వెళ్ళాక ఆ గోడ కిందే బావ వచ్చి కూర్చున్నాడు. ఒడ్డున ఒకరి వలలు బాగుచేసి బాగుచేసి వేళ్ళు కాయలు కాచిన మనిషి. పోనీలే బావా, మిషను పొరపాటు పడదు, ప్రాణం దక్కింది కదా అన్నాను. బావ మచ్చకేసి చూస్తూ అన్నాడు:

“నువ్వు గీసుంటే జల్మంతా నిన్ను తిట్టుకుంతా బతికీసేవోడ్నిరా. దాన్నేటని తిట్టీది?”