తప్పు గుమ్మం అపిసాయి

అపిసాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. కనపడిన ప్రతివాళ్ళనీ ఏదో ఒకటి అరువు అడుగుతాడు. తెచ్చినదాన్ని తిరిగి ఇస్తాడు కూడా, అందులో నిజాయితీపరుడే. కాకపోతే ఎప్పుడూ ఇంకొకరి ఇంట్లో ఇస్తాడు. ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లాలో, ఉక్కు ఫ్యాక్టరీ పొగ గొట్టాల కింద ఉన్న ఆ పన్నెండు గుమ్మాల ప్రభుత్వ భవనంలో అతను పద్నాలుగు నెలలు తిరిగాడు. అన్ని నెలల్లో ఒక్క వస్తువు కూడా తిన్నగా తన సొంత గుమ్మం చేరిన పాపాన పోలేదు.

సేవాసంఘం మనిషంటే ఏదో ఒకటి పట్టుకొస్తాడని లోకం అనుకుంటుంది. దుప్పటో, పాలడబ్బానో, కనీసం ఓదార్పు మాటలున్న కాగితమో. ఇతను ఉత్త చేతులతో వచ్చేవాడు, ఉన్నవి పట్టుకుపోయేవాడు. మూడో అంతస్తులో పదకొండో నంబరు రోనా టిక్నర్ అతని మొహం మీదే అనేసింది:

"దానం చేసేవాళ్ళని చూశాను, దోచుకునేవాళ్ళని చూశాను. సంఘం జీతమిచ్చి మరీ పంపిన ముష్టివాణ్ణి మాత్రం నిన్నే చూడటం."

"జీతం కూడా తక్కువే పెద్దమ్మా" అన్నాడు అపిసాయి. "నిచ్చెన ఉందా?"

అతను అక్కడికి రావడానికి కారణం ఒక చావు. పన్నెండో నంబరులో క్లారీ అని ఒక ముసలాయన ఉండేవాడు. ముప్ఫై నాలుగేళ్ళు కొలిమి ముందు నిలబడి, చెవులు పోగొట్టుకుని, చివరికి ఒక రేడియో కొనుక్కున్నాడు. అది గోడ దాటి రోనా ఇంట్లో మోగేది. ఆమె చీపురుకర్రతో గోడ బాదేది. ఒక చలికాలం ఆ రేడియో రాత్రీ పగలూ ఆగలేదు. "తగ్గించవయ్యా! చెవుడా, చచ్చావా?" అని ఆమె పదకొండు రోజులు గోడ బాదింది. రెండోదే నిజమని పన్నెండో రోజున తేలింది.

పదకొండు రోజులు ఒక్క పురుగు తొంగిచూడని ఆ గుమ్మానికి పన్నెండో రోజున చేతి తొడుగులు వేసుకుని తొమ్మిది మంది వచ్చారు. వాళ్ళలో ఒకడు రేడియో ఆపాడు. ఇంటికి తాళం పడింది. అయినా రోనా సాయంత్రం ఆరయ్యేసరికి చీపురుకర్ర తీసి గోడ మీద రెండు దెబ్బలు వేసేది. ఎందుకని అడిగేవాళ్ళు లేరు, అడిగినా ఆమె చెప్పేది కాదు. అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఒంటరి ఇల్లు. ఆమె భయం ఒక్కటే. ఈసారి ఆగకుండా మోగబోయే రేడియో తనది. విసుక్కుని గోడ కొట్టే దిక్కు కూడా తనకి లేదు.

చావు వార్త పత్రికలో వచ్చాక తీరప్రాంత సహాయ సంఘం వాళ్ళకు కదలిక వచ్చింది. పెద్ద సంఘం. సొంత మేడ, నాలుగు వ్యాన్లు, గోడల మీద పోయిన అధ్యక్షుల పటాలు. వాళ్ళు అపిసాయిని పంపి, ఆ భవనంలో ఒక నివాసుల కమిటీ వేసి రమ్మన్నారు. అధ్యక్షుడు, కార్యదర్శి, తీర్మానాల పుస్తకం అన్నీ ఉండాలన్నారు. అపిసాయి కింద లాండ్రీ గదిలో సమావేశమని కాగితం అంటించాడు. ముగ్గురు వచ్చారు. ముగ్గురూ బట్టలు ఉతుక్కోవడానికే వచ్చారు.

మర్నాటి నుంచి కమిటీ ఊసెత్తకుండా అతను అరువు మొదలుపెట్టాడు.

"కెరెకెరె, పెద్దమ్మా."

"ఏమిటా కూత? గుడ్డు పెట్టబోతున్నావా?" అంది రోనా, గొలుసు తీయకుండా సందులోంచి.

"మా ఫిజీలో అడగడాన్ని అలాగే అంటాం. కెరెకెరె అన్నాక ఇవ్వక తప్పదు. లేదంటే సిగ్గు."

"అడిగేవాడికి లేదూ ఆ సిగ్గు?"

"మా ఊళ్ళో దాన్ని ఇచ్చేవాళ్ళ దగ్గరే ఉంచేస్తాం."

అలా ఆమె ఇనుప పెనం పోయింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు గుడ్లు వేయించిన పెనం అది. ఉద్యోగం పీకేసిన రోజున గడియారం ఇస్తే వద్దని దాన్నే అడిగి తెచ్చుకుంది. నాలుగు రోజుల తర్వాత తలుపు చప్పుడైతే, అపిసాయి అనుకుని నోటినిండా తిట్లతో తెరిచింది. ఎదురుగా ఆరో నంబరు బ్లగోయా. మాసిడోనియా నుంచి వచ్చిన ఫిట్టరు. భార్య పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి మెట్ల మీద మనిషి ఎదురైతే గోడ వైపు తిరిగి నడిచే రకం. చేతిలో పెనం. పెనంలో కాల్చి తొక్క తీసిన ఎర్ర మిరపకాయలు.

"ఇది నాది కాదు. నీదట" అన్నాడు.

"మరి ఈ మిరపకాయలు?"

"అవి నావి. ఖాళీ పెనం తెస్తే మా ఆవిడ ఒప్పుకోదు."

"మీ ఆవిడ పోయింది కదయ్యా!"

"పోయినా ఒప్పుకోదు."

రోనా తిట్టకుండా పెనం అందుకుంది. జీవితంలో అలా జరగడం అదే మొదటిసారి.

అపిసాయి దొరకగానే దులిపేసింది. "పదకొండుకీ ఆరుకీ తేడా తెలీదురా నీకు?"

"మా ఊళ్ళో ఇళ్ళకి నంబర్లుండవు పెద్దమ్మా. రెండూ ఒకేలా కనిపిస్తాయి."

ఆ తర్వాత అన్నీ ఒకేలా కనిపించాయతనికి. ఆరో నంబరు ఇస్త్రీపెట్టె తొమ్మిదికి వెళ్ళింది. తొమ్మిది వాళ్ళ గొడుగు అయిదు ఇళ్ళు తిరిగి, ఒక ఊచ విరిగి, ఇంకెవరో బాగుచేయించగా కొత్త పిడితో ఇల్లు చేరింది. మూడో నంబరులో కవలపిల్లల తల్లి తానికా, ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆమె జ్వరం చూసే గొట్టాన్ని తెచ్చి అతను రోనా బల్ల మీద మర్చిపోయాడు. "నాకెందుకిది? నాకున్నది జ్వరం కాదు, కోపం!" అని గొణుక్కుంటూ రోనా మోకాళ్ళు పట్టుకుని రెండంతస్తులు దిగింది. దిగేసరికి ఇద్దరు పిల్లలూ గుక్కపట్టి ఏడుస్తున్నారు. తల్లి ఇంకో మూల కూర్చుని తానూ ఏడుస్తోంది. రోనా ఒకణ్ణి ఎత్తుకుంది. కోపంగానే ఎత్తుకుంది. రెండు గంటలు దించలేదు.

అయినా ఎంతకని ఓర్చుకుంటారు? అరువు సొమ్ము బరువు చేటు అంటారు. ఇక్కడ బరువంతా మోస్తున్నది అరువిచ్చినవాళ్ళే. రోనా పితూరీ రాయడానికి కూర్చుంది. ఏ వస్తువు ఎక్కడ తేలిందో కనుక్కోవడానికి ఇల్లిల్లూ తిరిగింది. అందరి దగ్గరా ఒకటే కథ. చివరికి లాండ్రీ గదిలో ఏడుగురు చేరారు. ఒకరు టీ కాచారు, ఒకరు కేకు తెచ్చారు. బ్లగోయా అందరికంటే ఎక్కువ మాట్లాడాడు. సంఘం కాగితం అంటించినా కుదరని సమావేశం అపిసాయిని తిట్టడానికి మాత్రం చక్కగా కుదిరింది. ఇంతలో గుమ్మంలో అతనే.

"కెరెకెరె, కాస్త టీ. ఏం రాస్తున్నారు?"

"నీ మీద పితూరీ" అంది రోనా.

"అయితే అందరూ సంతకాలు పెట్టండి. ఒక్కరే పెడితే మా ఆఫీసులో లెక్కచేయరు" అని చెప్పి, టీ తాగి, కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు.

పద్నాలుగు వస్తువుల జాబితా. కింద ఏడు సంతకాలు. ఆఖర్న రోనా సొంత దస్తూరీలో: "ఇతనికి మతిమరుపు. వైద్యమైనా చేయించండి, వేరే చోటికైనా పంపండి."

ఉత్తరం పోస్టులో వేసిన అయిదో రోజు పొద్దున ఆరింటికి రోనా స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది. లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. నేల చల్లగా ఉంది. వంటింట్లో రేడియో మోగుతోంది. వాతావరణం, గుర్రప్పందాలు, మళ్ళీ వాతావరణం. ఆమె పిడికిలితో గోడ కొట్టింది. అవతల పన్నెండో నంబరు. అటునుంచి ఎవరు పలుకుతారు? ఇలాగే అన్నమాట, అనుకుంది. క్లారీ కూడా ఇలాగే పడుకుని, అవతలనుంచి తను తిట్టిన తిట్లన్నీ విన్నాడేమో. బతికే ఉండి విన్నాడేమో. ఆ ఆలోచన తుంటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఎనిమిదిన్నరకి ఎవరో తలుపు తట్టారు. బ్లగోయా. అతని సుత్తిని అపిసాయి ముందురోజు తెచ్చి రోనా ఇంట్లో పెట్టి పోయాడు. అతను తట్టి, ఆగి, మళ్ళీ తట్టాడు. లోపల రేడియో వినపడుతోంది, తిట్టు మాత్రం వినపడటం లేదు. పదకొండో నంబరు తలుపు తిట్టకుండా తెరుచుకున్న రోజు లేదు. అతను మెట్ల వైపు తిరిగి కేకేశాడు:

"తానికా! పైకి రా! రోనా తిట్టడం లేదు!"

తానికా చంకలో ఒక పిల్లతో పరుగెత్తుకొచ్చింది. "తలుపు పగలగొట్టు తాతా!"

"దేనితో? సుత్తి లోపలుంది!"

తానికా పిల్లని అతని చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తలుపును మూడు తన్నులు తన్నింది. స్నానాల గదిలో నేలమీద పడి ఉన్న రోనా కళ్ళు తెరిచి మొదట అన్న మాట: "ఆ తలుపు బాగుచేయించేదెవరు?"

బ్లగోయా అక్కడే కూలబడి, పిల్లని పట్టుకుని, హాయిగా ఏడ్చాడు.

ఆసుపత్రిలో నాలుగో రోజున సంఘం పెద్ద పౌలెట్ వచ్చింది. ఫైలు, అందులో పితూరీ. "మీ ఉత్తరం అందింది. అపిసాయిని సంజాయిషీ అడిగాం. అతన్ని వేరే చోటికి మార్చేసే ముందు మీకు చూపించడం పద్ధతి" అని అతను రాసిచ్చిన జవాబు చదవడం మొదలుపెట్టింది.

"నివాసులు పద్నాలుగు వస్తువులన్నారు. మొత్తం పదిహేడు. కోడిగుడ్ల బుట్ట, టార్చిలైటు, టీ కప్పు మర్చిపోయారు."

రోనా కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"పెనం, పదకొండు నుంచి ఆరుకి: ఆరులో ఆయన నోరు విప్పి రెండేళ్ళయింది. పదకొండులో ఆమె ఎవరినైనా మాట్లాడించగలదు, తిట్టయినా సరే. జ్వరం గొట్టం, మూడు నుంచి పదకొండుకి: మూడులో తల్లికి పిల్లల్ని పట్టుకునే మనిషి కావాలి. పదకొండులో ఆమె ఖాళీ ఇంటి గోడ కొడుతోంది. బదులు కొట్టే మనిషి కావాలి. కమిటీ కుదరలేదు. నేను వెళ్ళినచోటల్లా మనుషులు నాతోనే మాట్లాడుతున్నారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవాలంటే నేను వెధవనవడం తేలికని తోచింది."

పౌలెట్ కాగితం దించింది.

"దొంగ పీనుగ" అంది రోనా.

"ఆ పితూరీ ఉంచమంటారా?"

"చింపెయ్యమ్మా. జాబితా తప్పని వాడే రాశాడుగా."

పౌలెట్ ఇంకో కాగితం తీసింది. మీ వాళ్ళు ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒకరి తలుపు ఒకరు తట్టుకుంటున్నారట, అంది. ఆ పనిలో సంఘం వేలు పెట్టదట. అధ్యక్షులు అక్కర్లేదు, తీర్మానాలు అక్కర్లేదు. లాండ్రీ గది తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ గదికి బీమా అడిగినా, సర్కారువాళ్ళు గది మూయిస్తామని వచ్చినా, కాగితం మీద సంఘం పేరు ఉంటుంది.

"అంటే మీ పేరు మాకు అరువా?"

"అలాగే అనుకోండి. ఆ ఆలోచన కూడా అతనిదే. మొన్న మా ఆఫీసుకొచ్చి కెరెకెరె అన్నాడు. మీ గుంపుకి మాత్రం ఒక పేరు కావాలి, ఫారంలో గడి ఉంది."

రోనా ఆలోచించలేదు. "తప్పు గుమ్మం. అదే రాయండి."

ఆ మధ్యాహ్నం అపిసాయి వచ్చాడు. ఉత్త చేతులతోనే.

"పళ్ళేవిరా?"

"తేలేదు పెద్దమ్మా." అతను అప్పటికే పక్క మంచం వైపు చూస్తున్నాడు. అక్కడ ఒక ముసలావిడ. ఆరు రోజులుగా ఆమెను చూడ్డానికి ఒక్కరూ రాలేదు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

"కెరెకెరె, అమ్మా. ఆ కళ్ళజోడు ఒక్క నిమిషం ఇస్తారా?"

ఆవిడ బిత్తరపోయి ఇచ్చింది. అతను దాన్ని పెట్టుకుని, రోనా మంచానికి కట్టిన కాగితం తలకిందులుగా చదివి, "బాగుంది, బాగుంది" అని తల ఊపి, కళ్ళజోడు రోనా బల్ల మీద పెట్టేసి, చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఒరే! ఇది..." అని రోనా నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. కాసేపు ఆ కళ్ళజోడు చేతిలో తిప్పింది.

"ఏమండీ, మీ కళ్ళజోడు నా దగ్గరికొచ్చింది. నేను లేవలేను, మీరూ లేవలేరు. నర్సు వచ్చేదాకా మాట్లాడుకోవడం తప్ప దారి లేదు. మీ పేరేమిటి?"

పక్క మంచం నుంచి సన్నని గొంతు వినిపించింది. "ఎడ్వీనా. ఎవరమ్మా ఆయన? పాపం, మతిమరుపు మనిషిలా ఉన్నాడు."

"అవునండీ" అంది రోనా, పైకప్పు చూస్తూ. "చిన్నప్పటినుంచీ అంతేనట."