నక్షలో ఉన్న బండ్లబాట

మొన్న మా మనవరాలు ఫోన్‌లో మా ఊరిని ఆకాశం నుంచి చూపించింది. స్టేషన్ ఘన్‌పూర్ దాటించి వేలితో జరుపుకుంటూ పోతే వాగూ, దాని మీద వంతెనా కనిపించాయి. ఆ వంతెన ఎవరి మిల్లు ముందుందో చూడగానే ఇక చాలు, తీసెయ్యమన్నాను. పాపం, పిల్ల చిన్నబుచ్చుకుంది.

ఎనభైల మొదట్లో వాగుకు ఇవతల మా వాడ, అవతల ఊరు. వాగొచ్చిందంటే నిండు చూలాలినైనా దవాఖానకు మంచం మీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గేదాకా ఒడ్డున కూర్చోవలసిందే. నేను ఏడో తరగతితో బడి మాని, వరంగల్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంటూ ఒక టైలర్ దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని. మధ్యాహ్నం అన్నం డబ్బా ముగించి గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని. పత్రిక కోసం చెక్క బల్ల దగ్గర వంతు కాచుకున్నవాళ్లకు ఆ సుఖం వేరే చెప్పనక్కర్లేదు. నవలలన్నీ అయిపోయాక, ఎవరూ ముట్టని అరలో భూముల కొలత పుస్తకం దొరికితే అదీ చదివాను. నక్షలో ఒంటి చుక్కల గీత కాలిబాట అనీ, జంట గీతలు బండ్లబాట అనీ అందులోనే తెలుసుకున్నాను.

నా చదువుకు అందరికంటే మురిసింది మా బావ, అక్క భర్త. ఊళ్లో పెద్దమనిషి. "మా మరదలు నోరు తెరిస్తే తాసిల్దారు సుత కుర్చీల నుంచి లేస్తడు" అని నలుగురిలో చెప్పేవాడు. వాగుకు వంతెన మంజూరైందనీ, రికార్డులో బండ్లబాట ఎక్కడ దాటితే అక్కడే కడతారనీ కబురు తెచ్చిందీ ఆయనే. పని మానుకుని సర్వే కార్యాలయం చుట్టూ తిరిగి పాత నక్ష నకలు తెచ్చాను. జంట గీతలు సరిగ్గా మా వాడ దగ్గరే వాగు దాటుతున్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక వాడవాళ్లకు చూపిస్తే అమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఇంజనీరుకిస్తానని బావ తీసుకున్నాడు. ఏ గీత ఏమిటో నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు కూడా.

తీరా ఇంజనీరు వచ్చిన రోజు కొలత గొలుసు దిగువన, బావ కొత్తగా కట్టిన రైస్‌మిల్లు ముందు పరిచారు. నేను ఉరికిపోయి, బండ్లబాట ఇక్కడ కాదు, ఎగువన మా వాడ దగ్గర, నక్ష మా బావ దగ్గరుంది చూడమన్నాను.

"ఎక్కడి నక్షనే పిల్లా? నాకెప్పుడిచ్చినవ్?" అన్నాడు బావ. ఆపైన ఇంజనీరు వైపు తిరిగి నవ్వాడు. "మా మరదలే సారూ. కతల పుస్తకాలు సదివి సదివి గిట్లయింది. ఆడున్నది ఒంటి గీత, కాలిబాట. ఏమనుకోకుండ్రి."

ఒంటి గీత! ఆ మాట ఆయనకు నేర్పింది నేను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నీళ్ల చెంబుతో పక్కనే నిలబడ్డ అక్క నా వైపు చూడలేదు. ఇంజనీరు పెద్దమనిషి మాటే పట్టుకున్నాడు.

నేను మరో నకలు సంపాదించేసరికి పునాదులు లేచాయి. వంతెన మీద మిల్లు లారీలు తిరిగాయి, వానల్లో అంత దూరం బురద పొలాల మీదుగా మంచం మోసే దారి లేక మావాళ్లు ఇంకా ఎన్నో వానాకాలాలు ఒడ్డునే కూర్చున్నారు. గ్రంథాలయానికి పోవడం మానలేదు గానీ, చదివింది ఎవరికైనా చెప్పాలనే ఉబలాటం మాత్రం ఆనాటితో చచ్చిపోయింది.

బావ పోయి చాలా కాలమైంది. ఎగువన బోర్లు వేసీ, ఇసుక తవ్వీ వాగును కూడా చంపేశారు; మా వాడ పిల్లలు నిండు శ్రావణంలోనూ చెప్పులు విప్పకుండా ఎక్కడ పడితే అక్కడ దాటుతున్నారట. అక్క ఒక్కసారి వచ్చిపొమ్మని కబురు పెడుతూనే ఉంది. ఒకప్పుడు వాగొచ్చిందని చెప్పి తప్పించుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి ఆ వాగూ లేదు.