కనకలేఖ గడ్డం మీది గాటు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో, తెనాలి స్టేషన్ దగ్గరున్న నా పెయింటింగ్ షాపుకి బాపట్ల నుంచి సునీత అనే అమ్మాయి వచ్చింది. సూర్యలంక రోడ్డులో టిఫిన్ హోటల్ పెడుతోందట. వాళ్ల నాన్న ఒకప్పుడు టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు. ఆయనకు ప్రాణమైన పాత కత్తియుద్ధాల సినిమాలు కొన్ని ఉన్నాయి. చవగ్గా తీసి, చిన్న ఊళ్లలో ఆడించి వదిలేసినవి. వాటిలో నటించిన ఐదుగురు ఆడవాళ్ల ఆయిల్ పెయింటింగులు హోటలు గోడకు కావాలంది.

"పెద్ద హీరోయిన్లయితే జనం గుర్తుపడతారు కదమ్మా" అన్నాను.

"వాళ్లు అందరి గోడల మీదా ఉన్నారు బాబాయ్‌గారూ. వీళ్లే ఎక్కడా లేరండి."

ఆ మాటకి ముచ్చటేసింది. ఫ్లెక్సులొచ్చి సినిమా బ్యానర్లు వేసే మా పొట్ట కొట్టాక నేను బడి గోడల మీద చిలకలూ, గుణింతాలూ రాసుకుంటున్నాను. మళ్లీ మనిషి మొహం వెయ్యమని అడిగినవాళ్లు లేరు.

మా పనిలో స్టిల్ అంటే సినిమా కంపెనీ పంపే ఫొటో. దాని మీద గళ్లు గీసి, బ్యానర్ గుడ్డ మీద అవే గళ్లు పెద్దవిగా గీసుకుని, ఏ గడిలోది ఆ గడిలోకి ఎక్కిస్తాం. దాన్నే గ్రాఫ్ అంటాం. చిన్న సినిమాలకు హీరోదీ హీరోయిన్‌దీ రెండే స్టిల్స్ వచ్చేవి. మిగతా ఆడవాళ్లకి మా గురువుగారు నేర్పిన 'మామూలు మొహం' ఒకటుండేది. గుండ్రటి బుగ్గలు, చెవుల దాకా కళ్లు, గులాబీ రంగు ఒళ్లు. కళ్లు మూసుకుని వేసేసేవాణ్ణి. అడిగే నాథుడే లేడు.

స్టిల్స్ దొరికిన నాలుగు బొమ్మలూ హాయిగా అయిపోయాయి. ఐదో ఆవిడ కనకలేఖ. విలన్ కోటలో కత్తి తిప్పే వేషాలు వేసేదట. ఆవిడవి స్టిల్స్ దొరకలేదు. సునీత నాన్న పెట్టెలో ఒక పాత బ్యానర్ ఫొటో దొరికితే, అందులో కత్తి పట్టుకున్న ఆవిణ్ణి చూసే వేసేశాను. ఇంతలో ఆవిడ రేపల్లెలోనే ఉంటోందనీ, అసలు పేరు జైనబీ అనీ సునీతకు తెలిసింది. "ఆవిడ సరేనంటేనే గోడకెక్కిద్దాం బాబాయ్‌గారూ" అంది. బొమ్మను దుప్పట్లో చుట్టి రేపల్లె బండి ఎక్కాను.

రైస్ మిల్లు వెనక చిన్న ఇల్లు. జైనబీ గారు నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. బొమ్మను వెలుగులో పెట్టించుకుని చాలాసేపు చూసింది.

"బాగుంది బాబూ. ఎవరీ అమ్మాయి?"

ఎగతాళేమో అనుకున్నాను. కాదు. తొమ్మిది సినిమాల్లో చేసిందట. రీళ్లు ఎటు పోయాయో తెలీదు. ఇంట్లో ఉన్న ఫొటోలు ఉప్పెన నీళ్లలో పోయాయి.

"ఒక్క బ్యానర్ మీద కూడా నా మొహం లేదు బాబూ. తెనాలిలో హాలు ముందు కట్టారని మా అమ్మనీ, చెల్లినీ బండెక్కించి తీసుకెళ్లా. పాపం, మా అమ్మ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నన్ను వెతుక్కుంది."

సంచిలోంచి ఆ బ్యానర్ ఫొటో తీసి మళ్లీ చూశాను. కత్తి మొన మీద నక్షత్రంలాంటి మెరుపు. గురువుగారు ఎంత తిట్టినా నేను మానని అలవాటది. ఇన్నాళ్లూ కళ్లెదుటే పెట్టుకుని, నా చేతి పనినే నేను పోల్చుకోలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఆ బ్యానర్ వేసింది నేనేనక్కగారూ" అన్నాను.

తిడుతుందనుకున్నాను. "అయితే ఇప్పుడైనా నన్ను చూసి వెయ్యి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

నలభై ఏళ్లకు పైబడి కుంచె పట్టినవాణ్ణి, బతికున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని వెయ్యడం అదే మొదటిసారి. మనిషి మీద గళ్లు గీయలేం కదా! మొదటి రోజు చెయ్యి తన దారిన మామూలు మొహమే వేసింది. రెండోసారి గులాబీ రంగు ట్యూబు ఇంట్లో వదిలేసి వెళ్లాను. ఆ రోజు ఆవిడ మూలనున్న గొడుగు అందుకుని, మోకాలి నొప్పి మరిచిపోయి, కత్తి దూసినట్టు నిలబడింది. ఎడమ కనుబొమ పైకి లేచింది. చామనఛాయ గడ్డం మీద, గుర్రం మీంచి పడ్డప్పటి గాటు.

"నలభై ఏళ్లు తగ్గించు బాబూ, పుణ్యముంటుంది. గాటు మాత్రం తీసెయ్యకు" అంది. నవ్వాపుకోలేకపోయాను.

నాలుగుసార్లు తిరిగితే బొమ్మ కుదిరింది.

హోటలు తెరిచే రోజు పొద్దున జైనబీ గారు కుటుంబంతో బాపట్ల వచ్చింది. చెల్లెలు ఫాతిమా గారు చీరాల నుంచి వచ్చారు. ఆవిడ ఈ బొమ్మను అంతకుముందు చూడలేదు. ఐదింటి కిందా పేర్లు లేవు. ఫాతిమా గారు కళ్లజోడు సర్దుకుని ఒక్కో బొమ్మ ముందూ ఆగి, ఐదో దాని దగ్గర గబుక్కున వెనక్కి తిరిగారు.

"దొరికావే ఆపా! అమ్మ ఎంత వెతికిందే నిన్ను!"

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. సునీతా, నేనూ అట్ల పెనం వైపు చూస్తూ నిలబడ్డాం.

ఇప్పుడు ఎవరి బొమ్మకు ఆర్డరొచ్చినా, మనిషి బతికుంటే ఒక్కసారి వెళ్లి ఎదురుగా కూర్చుని వస్తాను. లేకపోతే వాళ్ల ఇంట్లోవాళ్లనైనా అడిగి వస్తాను. ఈ వయసులో నాకా బుద్ధి వచ్చిందంటే జైనబీ గారి చలవే. నన్ను గుమ్మంలోంచే పంపెయ్యాల్సిన మనిషి, నాలుగుసార్లు టీ ఇచ్చి కూర్చోబెట్టింది.