సొల్యూషన్ వాసన

చిట్యాల దగ్గర హైవే పక్కన మా బాపుకు పంక్చర్ దుకాణం ఉండేది. ట్యూబులకు అతుకులేసే సొల్యూషన్ వాసన ఆయన చేతులకు, బట్టలకు పట్టి ఇంటిదాకా వచ్చేది. మాకది బాపు వాసనే.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు తమ్ముడు తొమ్మిదో తరగతికి వచ్చాడు. ఆ ఏడు సరిగా తినడం మానేశాడు. కళ్లు ఎర్రబడేవి, మూతి చుట్టూ పొక్కులు లేచేవి. "ఎండల తిరుగుతాండు" అంటూ అమ్మ కొబ్బరినూనె రాసేది. వాడి దగ్గర ఏదో వాసన వస్తోందని బడిలో సారు అడిగితే, "మా బాపు పని గదే సార్" అని చెప్పి వచ్చింది నేనే.

మరుసటి ఏడు వానాకాలంలో బాపు జ్వరంతో పదిరోజులు మంచం పట్టాడు. దుకాణం మూతపడింది. అయినా తమ్ముడి అంగీ ఉతకబోతే అదే వాసన. అంగీ పట్టుకుని వాడి దగ్గరికి పోయాను.

అడిగితే వాడు పుస్తకాల సంచిలోంచి సొల్యూషన్ ట్యూబు తీసిచ్చాడు. "తలకాయ నొస్తే పీలుస్తున్న అక్కా. పీల్చకుంటే ఇంకా నొస్తాంది."

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ ఎప్పటి నుంచని అడిగింది. పోయిన దసరా నుంచని అమ్మ అంది. ఎండాకాలం నుంచేమో అన్నాను నేను. బాపు మాత్రం, "గా వాసన నాదే అనుకున్న మేడం" అన్నాడు.

ఏడాదిపాటు దవాఖానకు తిప్పాక వాడు ఆ మత్తు పీల్చడం మానేశాడు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు. ఎప్పుడైనా అన్నం ముందు నుంచి లేచిపోతే, అది అలకా, అలసటా, మరొకటా అని నేను తేల్చుకోలేను. అడగాలో వద్దో కూడా తెలియదు.