గాలి మోటారు లేని తొట్టి

కంచరపాలెంలో మా ఇంటికొచ్చిన ప్రతివాడూ హాల్లో ఉన్న గాజు తొట్టి ముందు నిలబడి ఒకటే ప్రశ్న వేస్తాడు: "ఎప్పుడు వండుతారు?" అడిగేసి, ఆ హాస్యం తనే కనిపెట్టినట్టు నా మొహంలోకి చూసి నవ్వుతాడు. మా ఊరివాళ్లకి రొయ్య అంటే ఇగురు, కాకపోతే వేపుడు. వేలిగోరంత ఎర్ర రొయ్యల్ని ఊరికే చూస్తూ కూర్చునేవాడు వాళ్ల లెక్కలో పిచ్చివాడు. నా లెక్కలో, నీళ్లలో ఏది కదిలినా ఉల్లిపాయలు తరగడానికి కూర్చునే రకం వాళ్లు.

అక్వేరియం దుకాణాలవాళ్లంటే ఇంకా మంట. తొట్టి కొంటే ఫిల్టరు, ఫిల్టరు కొంటే గాలి మోటారు, ఆపైన రంగురాళ్లు, నోరు తెరిచి మూసే ప్లాస్టిక్ మొసలి, మూడు రకాల మందు సీసాలు. నెల తిరక్కుండా చేపలు తేలతాయి. కొత్తవి పట్టుకెళ్లమంటారు.

నా తొట్టిలో మోటారు లేదు. అడుగున మట్టి, దాని మీద ఇసుక, గుబురుగా నీటి మొక్కలు, కొంచెం నాచు, నాలుగు నత్తలు. కిటికీలోంచి పొద్దుటి వెలుగు చాలు. వీధిలో రాలిన బాదం ఆకు ఎండబెట్టి వేస్తే, ఈనెలు మిగిలేదాకా రొయ్యలు దాన్ని గీక్కుని తింటాయి. మేత ఎప్పుడో గాని వెయ్యను. కుళాయి నీళ్లు బక్కెట్లో రెండు రోజులుంచి, బ్లీచింగు వాసన పోయాక చెంబుతో మెల్లగా పోస్తాను. మిగతాదంతా మొక్కలే చూసుకుంటాయి. ఆ తొట్టిలో చెయ్యి పెట్టే అధికారం ఇంట్లో నాకొక్కడికే. పోర్టు వైపు నుంచి వచ్చి అద్దం మీద పడే బొగ్గు దుమ్ము తుడవబోయినా మా ఆవిడని కసురుకునేవాణ్ణి.

అందరిలోకీ లోకువ నాకు మా బావమరిది. వాడిది తగరపువలస. భీమిలి వైపు రొయ్య పిల్లల్ని పెంచే హేచరీలో పని. మూడేళ్లుగా అక్కడ తొట్టెలు కడుగుతున్నాడు కాబట్టి ప్రపంచంలోని రొయ్యలన్నిటికీ తానే డాక్టరు.

"ఇదేటి బావా, గాలి మోటారు లేకండా రొయ్యలేటి? ఊపిరాడక సచ్చిపోతాయి," అన్నాడు ఒక ఆదివారం వచ్చి. నేను వద్దనేలోపు జేబులోంచి చిటికెడు మేత తీసి తొట్టిలో వేసేశాడు కూడా.

"మీ హేచరీలో ఉన్నది సరుకు. ఇక్కడున్నవి ప్రాణాలు," అన్నాను. గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం మాది. మాట విసరడం నాకెవరూ నేర్పక్కర్లేదు.

వాడు నవ్వేశాడు. "సర్లే, ఎప్పుడు వండుతావో సెప్పు, వత్తాను."

ఆ వారమే ఒక ఆడ రొయ్య పొట్ట కింద పసుపు రంగు గుడ్లు కనిపించాయి. మా తొట్టిలో అదే మొదటి కాన్పు. ఉద్యోగంలో ప్రమోషన్ కోసం కూడా నేనంత ఎదురుచూడలేదు. ఆ పిల్లల్ని చూడాలి, బావమరిదికి చూపించాలి. రెండూ సమానంగా కావాలి నాకు.

మే నెల ఎండకి తొట్టిలో నీళ్లు మూడు వేళ్లు తగ్గాయి. ఒక పొద్దున్న కుళాయి రాలేదు, బక్కెట్టు ఖాళీ. వంటింట్లో మా ఆవిడ తాగడానికి రాత్రే నింపిన రాగి బిందె ఉంది. రాగి నీళ్లు ఒంటికి మంచివంటూ ఫోన్లో వచ్చే సలహాలని రోజూ వెక్కిరించేవాణ్ణి. ఆ రోజు మాత్రం, తేరిన నీళ్లు, వాసన లేదు, మంచివి కూడానట అనుకుని సగం బిందె తొట్టిలో పోశాను. చూలాలికి సేవ చేసిన తృప్తితో డ్యూటీకి వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి సగం రొయ్యలు ఇసుక మీద పక్కకి ఒరిగి ఉన్నాయి. మిగతావి పిచ్చెత్తినట్టు గాజుకి కొట్టుకుంటున్నాయి. దోమల మందు కొట్టావని మా ఆవిడ మీద అరిచాను. "నాను కొట్టలేదండీ," అని ఏడ్చింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేసి, నీ మేత కుళ్లి చంపిందని తిట్టాను. వాడంతా విని, "వత్తన్నాను బావా," అన్నాడు.

బండి వెనక ప్లాస్టిక్ టిన్నుతో బావి నీళ్లు కట్టుకుని వచ్చాడు. బతికున్నవాటిని నాచుతో సహా వేరే టబ్బులోకి మార్చాడు. మంచినీళ్లు తాగుదామని వంటింట్లోకెళ్లి సగం ఖాళీ అయిన రాగి బిందె చూశాడు. నన్ను మెట్ల దగ్గరికి లాక్కుపోయాడు.

"బిందె నీళ్లు పోసేసావేటి బావా? రొయ్యకి రాగి ఇసం. మా హేచరీలో రాగి తీగ ముక్క కూడా రానివ్వరు."

నేను లోపలికి తొంగిచూశాను. మా ఆవిడ ఇంకా కళ్లు తుడుచుకుంటోంది.

"అక్కకి సెప్పకు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ నీళ్లు నింపింది తనే కదాని ఏడుత్తాది."

లోపలికెళ్లి, "నా మేతేనక్కా, తప్పు నాదే," అన్నాడు. అక్క వాడి దుమ్ము దులిపేసింది. ఏడిపించినందుకు నాకు పడవలసిన తిట్లు కూడా కలిపి వాడికే పడ్డాయి. నోరు విప్పడానికి నాకు బోలెడంత సమయం ఉంది. నేను తొట్టి అద్దం తుడుస్తూ నిలబడ్డాను. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు తెలుసు, అయినా నోరు విప్పలేదు.

గుడ్ల తల్లి బతికింది. ఇప్పుడు తొట్టి నిండా దాని సంతానమే. వచ్చినవాళ్లకి మా ఆవిడ చెబుతుంది, "మా తమ్ముడు మందో మాకో వేసి చంపేశాడండీ, ఈయన చేతి చలవ వల్ల బతికాయి" అని. బావమరిది వస్తే తొట్టికి నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడు. "ఎప్పుడు వండుతావు బావా?" అంటాడు. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను.